చీపురు లేని పూట

నా అసలు పేరు తమరు ఈ వాంగ్మూలం పైన రాసుకున్నారు. పనిచేసే చోట అందరూ మాస్టారు అంటారు. వయసు డెబ్భై ఒకటి. ఎరువుల ఫ్యాక్టరీలో హైడ్రోజన్ పైపుల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం బస్సు డిపోలో భద్రత గురించి శిక్షణ ఇస్తాను. డిపో మేనేజరు నా అల్లుడు. నేను ఉంటున్నది అతని ఇంట్లోనే. ఈ సంగతిని రేపు ఎవరో కనిపెట్టినట్టు బయటపెట్టనక్కర్లేదు కనుక నేనే ముందుగా చెబుతున్నాను.

డిపోకు కొత్తగా వచ్చిన బస్సులు డీజిలుతో నడవవు. కప్పు మీది సిలిండర్లలో హైడ్రోజన్ ఉంటుంది. అది ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలో గాలితో కలిసి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో చక్రాలు తిరుగుతాయి. వెనక గొట్టంలోంచి పొగ రాదు, నీళ్లు వస్తాయి. ఆ నీళ్లను గాజు గ్లాసులో పట్టి వచ్చినవాళ్ల చేత తాగించడం నా అల్లుడికి సరదా. బండి మంచిదే. బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

హైడ్రోజన్‌కు ఒక గుణం ఉంది. అది కారి అంటుకుంటే పట్టపగలు మంట కనబడదు. పొగ ఉండదు, వాసన ఉండదు. మీదికి వెళ్లేదాకా వేడి కూడా తెలియదు. అందుకని మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. అనుమానం ఉన్న చోటికి వెళ్లేవాడు పొడుగు కర్రకు కట్టిన చీపురును ముందుకు చాచి నడవాలి. మంట ఉంటే ముందు చీపురు అంటుకుంటుంది, మనిషి ఆగిపోతాడు. డిపోలో మంటను కనిపెట్టే పరికరం ఉన్న మాట నిజమే. అది పనిచేయని రోజు కూడా ఒకటి వస్తుందని, గ్యాసు నింపే చోట గోడకు నేనే చీపురు వేలాడదీయించాను.

చనిపోయిన ఫిట్టరును పొడుగోడు అనేవాళ్లం. ఆఫీసు గుమ్మంలోకి తల వంచి వచ్చేవాడు. చీపురు చూసి మొదట నవ్వాడు.

"ఇంట్లో ముట్టుకోని చీపురు ఇక్కడ పట్టిస్తున్నారు మాస్టారూ! మా ఆవిడ చూసిందంటే రేపటినుంచి నా డ్యూటీ ఇంట్లోనే."

నవ్వినా మానలేదు. చీపురు లేకుండా అతను గ్యాసు నింపే చోటికి హద్దుగా గీసిన పచ్చగీత దాటడం నేను ఎన్నడూ చూడలేదు. అతను నిర్లక్ష్యంగా వెళ్లాడని పేపర్లో రాశారు. ఆ రాసిన పెద్దమనిషి డిపో గేటు దాకా కూడా రాలేదు.

కొత్త బస్సుల ప్రారంభోత్సవం రోజు ఉదయం స్వాగత ద్వారానికి వెల్డింగు చేశారు. ఆ వెలుగుకు పరికరం ఊరికే మోగుతోందని నా అల్లుడు దాన్ని ఆపించాడు. వెల్డింగు తొమ్మిదిన్నరకు అయిపోయింది. పరికరం మళ్లీ ఆన్ చేయలేదు. నేను రెండుసార్లు గుర్తుచేశాను. గోడకు చెప్పినట్టే అయింది. ఆ తర్వాత చీపురు తీయించి తన గదిలో పెట్టి తాళం వేశాడు. ఎందుకని అడిగాను.

"రేపటి కాలం బండి పక్కన చీపురు వేలాడుతుంటే ఫొటోలో ఏం బాగుంటుంది మామయ్యా? మీ చాదస్తం ఇవాళొక్కరోజు పక్కన పెట్టండి. వెళ్లి నీడలో కూర్చోండి."

నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఎండ బాగా ఉంది.

సుమారు పదకొండు గంటలకు ముఖ్య అతిథి బయలుదేరారని ఫోను వచ్చింది. అప్పుడే మొదటి బస్సుకు గ్యాసు నిండుతోంది. మీటరులో ఒత్తిడి పడిపోతోందని డ్రైవరు కేకేశాడు. అంటే ఎక్కడో కారుతోంది. కారే చోట బుస్సుమంటుంది. కానీ స్పీకర్లలో పాటలు పెట్టారు. అల్లుడు పాట తగ్గించమని చెప్పి, వేదిక మీద నుంచే పొడుగోణ్ణి పిలిచాడు.

"ఏయ్ పొడుగోడా, తొందరగా వెళ్లి ఆ జాయింటు బిగించు. పెద్దాయన వచ్చేస్తున్నారు."

పొడుగోడు గోడ వైపు చూశాడు. "చీపురేది సార్?" అని గట్టిగా అడిగాడు.

"ఈ ఒక్క పూట చీపురు లేకపోతే చచ్చిపోతావా?"

నా అల్లుడి చేతిలో మైకు ఉంది. దాన్ని ఆపడం మరిచాడు. ఆ మాట స్పీకర్లన్నిటిలోంచి వచ్చింది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పొడుగోడు కూడా నవ్వాడు. నవ్వి, ఖాళీ చెయ్యి ముందుకు చాచి, చీపురు పట్టుకున్నట్టే చాచి, గీత దాటాడు. అది వెక్కిరింపో, అలవాటో నాకు తెలియదు.

ఆగమని నేను అరిచాను. నా చేతిలో మైకు లేదు.

బస్సు వెనక చక్రం దగ్గర అతని చెయ్యి ఉలిక్కిపడినట్టు వెనక్కి వచ్చింది. మనిషి ఎగిరి గంతేశాడు. అతని ముందు ఏమీ లేదు. ఎండ ఉంది, అంతే. "ఏంట్రా ఆ గంతులు?" అని స్పీకర్లు అడిగాయి. జనం మళ్లీ నవ్వారు. అప్పుడు అతని చొక్కా అంటుకుంది. చొక్కా మంట అందరికీ కనబడింది.

నేను స్తంభం మీది ఎర్ర బటను నొక్కి గ్యాసు ఆపాను. పరిగెత్తి అతని కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. నా కుడిచేయి కాలింది అప్పుడే. డ్రైవరు దుప్పటి కప్పాడు. ఆంబులెన్సులో పొడుగోడు నాతో ఒకటే మాట అన్నాడు. "నేను అడిగాను కదా మాస్టారూ." అడిగావురా అన్నాను. మళ్లీ "అడిగాను కదా" అన్నాడు. అడిగావు అన్నాను. మూడో రోజు పోయాడు.

అతిథి కోసం పట్టిన గ్లాసెడు నీళ్లు వేదిక మీద బల్లపై అలాగే ఉన్నాయి. దుమ్ము పడకుండా మూత కూడా పెట్టారు.

ఫిట్టరు తనను ఏమీ అడగలేదని, చెప్పకుండానే వెళ్లాడని నా అల్లుడు తమరికి చెప్పాడు. డ్రైవర్లు, గుమాస్తాలు, కుర్చీలు వేసినవాళ్లు, ఎవ్వరూ ఏ మాటా వినలేదట. స్పీకర్లు పెట్టింది అందరూ వినాలని. తీరా చూస్తే విన్నవాణ్ణి నేనొక్కణ్ణే తేలాను. అతని గదిలోంచి చీపురు తమరు స్వాధీనం చేసుకున్నారు. దాని పుల్ల ఒక్కటి కూడా కాలలేదు.

నిన్న సాయంత్రం నా కూతురు నాకు కట్టు మార్చింది. మారుస్తూ అంది.

"ఆ ఒక్క మాట వదిలెయ్ నాన్నా. వయసైపోయింది, సరిగ్గా వినబడలేదని చెప్పు. ఎవరు కాదంటారు?"

"పొడుగోడి పెళ్లాం కాదంటుంది."

"ఆవిడకి ఆయన ఎలాగూ తిరిగిరాడు. నాకు ఉన్న ఒక్కడినీ నువ్వే లోపలికి పంపిస్తావా? రేపు ఇంటికి ఏ మొహం పెట్టుకుని వస్తావు?"

కట్టు ముడి పడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అల్లుడి మీద పగ ఉందా అని తమరు అడిగారు. ఉంది. నలభై ఏళ్లుగా కూడబెట్టుకున్న నా పుస్తకాలను మెట్ల కిందకు చేర్చి, వానకు తడిస్తే కాగితాలవాడికి తూకానికి వేశాడు. ఎవరైనా ఇంటికి వస్తే, "మామయ్యకు పొద్దుపోక డిపోకు వస్తుంటారు" అని పరిచయం చేస్తాడు. అతని ఇంట్లో నేను చదవని పుస్తకం లేదు. ఎందుకంటే ఇప్పుడక్కడ పుస్తకమే లేదు. పగ లేదంటే అది అబద్ధం, ఈ వాంగ్మూలంలో అదొక్కటే అబద్ధమవుతుంది. కానీ చీపురు గదిలో పెట్టి తాళం వేసింది నా పగ కాదు. మైకులో మాట్లాడింది నా పగ కాదు.

నా కూతురు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఈ వాంగ్మూలం నాకు చదివి వినిపించేటప్పుడు తలుపు తెరిచి, కాస్త గొంతు పెంచి చదవమని గుమాస్తా గారిని కోరాను. అలాగే చదివారు. జరిగినదే చెప్పాను, చెప్పినదే రాశారు. సంతకం చేయడానికి కుడిచేయి లేవదు కనుక, ఇన్నాళ్లూ సంతకం రానివాళ్లను చూసి నవ్విన నేను వేలిముద్ర వేస్తున్నాను.

చదివిన ప్రతి మాటా నాకు బాగా వినబడింది.

(ఎడమ బొటనవేలి ముద్ర)