మొదటి గరిటె

"అమ్మమ్మా, నిన్న పులుసులో చుక్క నూనె కూడా వెయ్యలేదు కదా. ఇప్పుడు చూస్తే పైన ఇంత ఆయిల్! హౌ కమ్?"

అది చేపదేనే షారోనూ. కానాగంతలు... ఇక్కడోళ్ళు మేకరల్ అంటారు చూడు, అయ్యే. పొయ్యి మీద పెడితే దాని కొవ్వే కరిగి పైకి తేలుద్ది. గరిటెతో కలిపెయ్యమాక, ఉండనీ. నాకు మాత్రం వద్దులే, ముందే చెప్తన్నా. ఆస్పత్రి నుంచి ఒచ్చిన కాడ్నించి ముద్ద సయించట్లేదు. మీ అమ్మ ఊరికే బెంగెట్టుకుంటంది.

మా ఉప్పాడలో అయితే కవళ్ళని, చిన్న చేపలు. చలి మొదలయ్యేసరికి కొవ్వెక్కి ఒచ్చేవి, అబ్బో, ఒడ్డంతా కుప్పలే! అడిగే నాథుడు లేక కొబ్బరిచెట్లకి ఎరువేసేవోరంటే నమ్ముతావా? మా యమ్మ సాయంత్రం పులుసు కాచి ఉంచేది. పొద్దున్నే దాక వొంచి, పైన తేరిన నూనె ఒక్క గరిటె తీసేది. అది ఇంట్లో ఎవరు నీరసంగా ఉంటే వాళ్ళకి. బాలింతో, జొరం తగ్గినోళ్ళో. ఏటకెల్లే మా నాన్నక్కూడా పెట్టేది కాదు. ఒంట్లోకి సత్తువొచ్చుద్ది, కళ్ళకి మంచిది అనేది. నాకు తట్టు పోసి తగ్గాక వేసింది, వేడన్నంలో. ఆ రుచి మరిగి, తర్వాత ఓసారి జొరమొచ్చినట్టు దొంగ మూలుగు మూలిగాను. నుదురు ముట్టుకు చూసి వీపు మీద ఒక్కటిచ్చింది! ఇప్పుడు తల్చుకుంటే ఆ దెబ్బ కూడా కావాలనిపిస్తందే.

ఏం చెప్తన్నాను... ఆఁ, నువ్వు పుట్టినప్పుడు. ఈ చలిదేశానికి, ఈ స్లైగో ఊరికి నేను అప్పుడే రావడం. మీ అమ్మ చూస్తే పుల్లలా ఉంది, పాలు చాలక నువ్వు ఒకటే ఏడుపు. పులుసు పెట్టి కిటికీ కాడ ఉంచాను. ఈ చలికి నూనె తెట్టులా కట్టింది. నేను స్నానం చేసొచ్చేలోపు మీ అమ్మ, నర్సమ్మ కదా, ఒట్టి కొవ్వని శుభ్రంగా గీకి బిన్‌లో పడేసింది! నా ప్రాణం ఉసూరుమంది. నీ కోసం దాచిందే అది అని ఏడ్చేశాను. అదీ ఏడ్చింది. చిన్నప్పుడే హాస్టల్లో వేసేశాం, దానికేం తెలుసు పాపం. మర్నాడు మళ్ళీ వండా. ఇక్కడి డాక్టరు, జీపీ అంటారే, ఆయన కూడా నూనె చేపలు తినమనే చెప్పాడంట. ఈసారి కంచం ఊడ్చేసింది.

ఓసేయ్, ఆ గరిటె ఎక్కడికి తెస్తన్నావ్? నా కంచంలోకా? తియ్యి తియ్యి, పరీక్షలకి చదువుకునే పిల్లవి, నువ్వు తిను. అది నీరసంగా ఉన్నోళ్ళకే...

ఆఁ. అన్నాన్లే. నేనే చెప్పాను కదూ.

మా యమ్మ పోయాక నాకెవరూ వెయ్యలేదే ఇది. నేనే అందరికీ వేస్తా ఒచ్చాను. కళ్ళంట నీళ్ళేంటో, ఆగట్లేదు. సరే, వెయ్యి. ఇంకాస్త అన్నం కూడా పెట్టు. ప్రభువు నిన్ను చల్లగా చూడాల తల్లీ. నీకు ఒంట్లో బాగోని నాడు, ఇలా పక్కన కూచుని వేసేవోళ్ళు ఉండాల...