మా అమ్మ కలిపిన ఏడాది

తప్పు జరిగింది. చేసింది మా అమ్మ, పైల తాయారు. ముందు అదే రాయమన్నాను. వాంగ్మూలం చెప్పేవాడి పేరుతో మొదలవ్వాలని ప్రొబేషన్ అధికారి కుసుమకుమారి గారు అన్నారు. సరే.

నా పేరు పైల త్రినాథ్. తండ్రి దాలయ్య. వయసు 23. కోటబొమ్మాళిలో జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. చదువు ఇంటర్. చట్టం మాత్రం షాపుకు వచ్చే కరపత్రాలు చదివి తెలుసుకున్నాను.

రాముడు మా పక్కింటి గురమ్మ కొడుకు. వాడికి మూడేళ్ళప్పుడు ఆమె పోయింది. అప్పటినుంచి మా ఇంట్లోనే పెరిగాడు. నా చొక్కాలే తొడుక్కుంటాడు. అడగడు.

2026 జూన్ 12, శుక్రవారం ఉదయం 11.20కి రాముడు ధాన్యం వ్యాపారి ధనరాజు బండిని మార్కెట్ దగ్గర ఎత్తుకుపోయాడు. పెట్రోలు అయిపోయి, సాయంత్రం 4కి టెక్కలి రోడ్డులో బండి తోసుకుంటూ దొరికాడు. తిరిగి ఇచ్చేయడానికే తెస్తున్నానని చెప్పాడట. నేను నమ్మను. బండి మార్కెట్ వైపు కాదు, టెక్కలి వైపు తిరిగి ఉంది. దొంగతనమే. ఇది మూడోసారి.

బడి రికార్డులో వాడి పుట్టిన తేదీ 16-4-2008. ఆ లెక్కన పద్దెనిమిది నిండాయి కాబట్టి పెద్దల కోర్టుకు పంపుతామంటున్నారు పోలీసులు. అంటే జైలుకు. వాడు నిజంగా పుట్టింది 16-4-2009న. పదిహేడే.

ఆ రోజు ఎన్నికలు. 2008లో ఆ తేదీన ఓట్లు లేవు. గురమ్మ ఓటు వేసి వచ్చి మా వరండాలోనే కన్నది. పురుడు పోసింది మా అమ్మే. నాకప్పుడు ఆరేళ్ళు. నన్ను వీధిలోకి తరిమేశారు. వాడి ఏడుపు వీధిలోంచే విన్నాను. జనన ధ్రువపత్రం ఎవరూ రాయించలేదు.

2013 జూన్‌లో అమ్మ మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. వాణ్ణి ఇంట్లో ఒంటరిగా వదల్లేక బడిలో వేయబోతే అయిదేళ్ళు నిండలేదన్నారు. అమ్మ ఒక ఏడాది కలిపి చెప్పింది. వండుతున్నంతసేపూ కళ్ళెదుట ఉంటాడని.

ఈ నెల 16 సాయంత్రం అమ్మను అడిగాను. "అన్నం కాడ కూకుంటాడని అలా సెప్పినానురా నాయనా. ఇప్పుడు నన్ను జైల్లో ఏస్తారేటి?" అంది. తిట్టాలనే వెళ్ళాను. తిట్టలేదు.

17 ఉదయం 9కి ధనరాజు మావ దుకాణానికి వెళ్ళాను. మూడోసారి దొరికిన పిల్లల్ని పెద్దల కోర్టుకే పంపేలా చట్టం మార్చాలని ఆయన అర్జీ మీద వర్తకుల సంతకాలు తీసుకుంటున్నాడు. ఆ అర్జీ జిరాక్స్ తీసింది నేనే.

"ఒరే, మూడోసారిరా! ఇంకా పిల్లోడేటి?"

"మూడుసార్లు దొరికితే మూడేళ్ళు పెరుగుతాడేటి మావా?"

"కాయితాలు సదివి నాకే సెప్తన్నావేటి?"

అరిచాను. బల్ల గుద్దాను. చట్టం మార్చాల్సిందే, ఇలా కాదు అన్నాను. రెండోసారి దొరికినప్పుడు వాడికి మెకానిక్ పని నేర్పించాలనీ, వారానికోసారి ఒకరు వెళ్ళి చూడాలనీ బాలల న్యాయ బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కరూ రాలేదు. ఒక్కసారీ రాలేదు. ఉత్తర్వు అమలు చేయని పెద్దవాళ్ళు ముందు జవాబు చెప్పాలి, ఆ తర్వాతే పిల్లవాడికి మూడోసారి అని లెక్కపెట్టాలి. చట్టంలో రాయాల్సింది అదీ. వాడు ఎన్నికల రోజున పుట్టాడు, పదిహేడే అని కూడా అన్నాను.

 అప్పుడు ఆయన అన్నాడు: "గురమ్మ ఆ రోజు ఓటు లైన్లో నా ఎనకాలే ఉన్నాది. నిలబడలేకపోతంటే నేనే ముందుకి పంపినాను. ఒరే, కేసు మాత్రం మానను. బండి నాది. కానీ ఆడు పుట్టిన రోజు ఆ రోజే. వచ్చి సెప్తాను."

అమ్మ కూడా వస్తుంది. తన తప్పు తనే చెప్పుకుంటుంది.

ఊరివాళ్ళను పిలుస్తూ ఒక మాట రాయమంటే, "వాంగ్మూలంలో పిలుపులు రాయం బాబూ" అన్నారు మేడమ్. సంతకం కింద ఖాళీ ఉంది కదా అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

చదివి వినిపించారు, విన్నాను. నేను చూసిందీ విన్నదీ తప్ప ఇందులో ఏమీ లేదు. మా అమ్మ మీద చెప్పినదీ నిజమే.

(సంతకం) పైల త్రినాథ్
శ్రీకాకుళం, 18-6-2026

ఆ రోజు ఓటు లైన్లో నిలబడిన మా ఊరి వాళ్ళందరికీ: సోమవారం, 22న, శ్రీకాకుళంలో బోర్డు ముందు రాముడి వయసు విచారణ. ఉదయం 7.30కి కోటబొమ్మాళి బస్టాండుకు రండి. గురమ్మ మీ మధ్యలోంచే ఇంటికి నడిచి వెళ్ళింది. చూసినవాళ్ళందరూ రండి.