ఆకుపచ్చ ట్రే

సాయంకాలం. వంటింట్లో తల్లి ఫ్రిజ్‌లో సామానంతా కింద పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని అరలు తుడుస్తోంది. కూతురు అప్పుడే ల్యాబు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎలుక కాదమ్మా అది.”

“ఎలుక కాకపోతే బల్లి. ఏదో ఒకటి చచ్చింది. పొద్దుటి నుంచీ వెతుకుతున్నాను. ఫ్రిజ్ వెనక్కి కూడా చెయ్యి పెట్టాను, తెలుసా? ఉత్త చేత్తో.”

“ఏదీ చావలేదు. ముందు ఆ డబ్బా కింద పెట్టు.”

“ఏ డబ్బా?”

“నీ ఎడం చేతిలో ఉన్నది.”

“ఓహో, కంపు దీన్లోంచేనా. అట్టపెట్టెలో డబ్బా, పెట్టె మీద కవరు, కవరు మీద ఇంకో కవరు. ఏమిటే ఇది? మత్తుమందా? నిజం చెప్పు. ఆగు, కూర్చున్నాక చెప్పు.”

“మత్తుమందు కాదు, ఆగ్మటీన్. నా పనంతా దాని మీదే కదా, ఎన్నిసార్లు చెప్పాను.”

“నువ్వు చెప్పింది బార్లీ మొలకల సంగతి. ఈ కంపు సంగతి చెప్పలేదు.”

“ఆ మొలకలే దీన్ని తయారు చేసుకుంటాయమ్మా. ప్రోటీన్లలో ఆర్జినైన్ అని ఒకటి ఉంటుంది. దాన్లోంచి ఒక ముక్క ఊడగొడితే ఇదవుతుంది. మొక్కకి కష్టమొస్తే ఎక్కువ చేసుకుంటుంది. పొటాష్ అందకపోయినా, బూజు పట్టినా.”

“చేసుకుని ఏం చేస్తుంది?”

“బార్లీ అయితే దీన్ని ఇంకోదానికి అతికించి బూజుని చంపే మందు చేసుకుంటుంది. లేదంటే దీన్నే ప్యుట్రెసిన్‌గా మార్చుకుంటుంది.”

“అదేమిటి?”

“వద్దులే.”

“వద్దులే అన్నావంటే పాడుదే. చెప్పు.”

“మాంసం కుళ్ళితే వాసనొస్తుంది చూడు, అందులో ఉండేది. కానీ అది కొంచెం కొంచెం అన్నిట్లో ఉంటుంది. నాలో, నీలో...”

“ఛీ. నాలో ఎందుకుంటుంది?”

“ఒంట్లో కణాలు పెరగాలంటే కావాలమ్మా. ఆగ్మటీన్ కూడా అంతే, మెదడులో ఉంటుంది. నరాలు అదేపనిగా కేకలు పెడుతుంటే కాస్త నోరు మూయిస్తుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా చేసి పెడతాయి.”

“కడుపులో పురుగులు చేస్తే అది నా మెదడుకా. అన్నం తినబోయే ముందే చెప్పాలి నీకు ఇలాంటివి.”

“మొట్టమొదట దేంట్లో దొరికిందో చెప్తే అసలు తినవు.”

“దేంట్లో?”

“మగచేప వీర్యంలో.”

“ఇదే అరలో పాలు పెట్టానే నేను. ఇదే అరలో. నిన్న ఆ పాలు పక్కింటి పసిదానికి కూడా ఇచ్చాను.”

“మూత బిగించే ఉంది. అయినా ఇది చేపలోంచి తీసింది కాదు, ఫ్యాక్టరీ పొడి. కండలు పెంచేవాళ్ళు దుకాణాల్లో కొనుక్కుంటారు.”

“నువ్వు కండలు పెంచుతున్నావా? మెట్లెక్కితే ఆయాసపడతావు. మొలకలు వాటిది అవే చేసుకుంటే వాటికీ అక్కర్లేదు. మరి ఇందులో చెంచా ఎందుకుంది? పొడి అడుక్కి ఎందుకొచ్చింది?”

“కూర్చుంటానన్నావు కదా. కూర్చో.”

“కూర్చున్నాను. నువ్వే తింటున్నావు. నాకు తెలుసు. మొన్ననే అనుకున్నాను, కళ్ళు పచ్చబడ్డాయి, కామెర్లేమో అని. ఎవరితోనూ అనలేక చచ్చాను.”

“నేను కాదమ్మా. నాన్న.”

“మీ నాన్నా?”

“నువ్వు పొద్దున స్నానానికి వెళ్ళినప్పుడు గ్లాసుడు నీళ్ళలో ఒక చెంచా కలిపి ఇస్తున్నాను. కాలు నొప్పికి పొడి మందు అని చెప్పాను. ఎలుకల్లో నరాల నొప్పి తగ్గింది. నాన్నలాగే నడుములో నరం నొక్కుకుని కాలు లాగే మనుషులకి కూడా కొంతమందికి ఇచ్చి చూశారు. డాక్టరు రాసిన మాత్రలన్నీ వాడినా తగ్గలేదు కదా, ఆయన అలా కాలు పట్టుకుని కూర్చుంటే నేను చూడలేకపోయాను.”

“నేను ఉప్పు తగ్గించి, నూనె తగ్గించి, పెసరగింజంత తేడా రాకుండా వండిపెడుతుంటే, నువ్వు నా వెనకాల ఆయనకి ఈ శవాల పొడి పట్టిస్తున్నావా. ఆయనకి బీపీ మాత్ర ఉందే. ఇది బీపీని దించేస్తే? స్నానాల గదిలో పడిపోతే? గడియ పెట్టుకోవద్దంటే వినడు, తలుపు ఎవరు పగలగొడతారు?”

“దించొచ్చు. అందుకే రోజూ బీపీ చూస్తున్నాను. ఒక్క పాయింటు కూడా మారలేదు.”

“ఇవాళ మారలేదు. రేపు మారితే?”

“నొప్పి తగ్గిందిగా. ఆయనే అన్నాడు.”

“అన్నాడు. దుప్పటి కింద కాలు పిసుక్కుంటూ అన్నాడు.”

“మునుపటికన్నా నయమన్నాడు.”

“నా వంటని కూడా ఆయన అలాగే అంటాడు. నేనీ డబ్బా తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేస్తున్నాను. ఆ బాల్కనీలో నీ మొలకల ట్రేలు కూడా.”

“ట్రేల జోలికి వెళ్ళకమ్మా. నీకు దండం పెడతాను. రేపొక్క రోజు ఆగు.”

“రేపేముంది?”

“రేపు మా పెద్దసారు అందరి ముందూ నా పని గురించి చెప్తున్నారు. ల్యాబులో దీపాల గది మరమ్మతులో ఉందని మొలకలు ఇక్కడికి తెచ్చానా. నీలం ట్రేకి పొటాష్ ఇవ్వలేదు. ఎర్రదానికి బూజు పట్టించాను. ఆకుపచ్చదానికి అన్నీ సమంగా ఇచ్చాను. కష్టపెట్టిన రెండింట్లో ఆగ్మటీన్ పెరుగుతుందని అందరికీ తెలిసిందే. ఆకుపచ్చ ట్రేలో పెరగడానికి కారణమే లేదు. అందులోనే అన్నిటికన్నా ఎక్కువ ఉంది. మళ్ళీ మళ్ళీ కొలిచి చూశాం, అదే వచ్చింది.”

“అందుకేనా, దాని దగ్గరికెళ్తే మరీ కంపు కొడుతోంది.”

“చూశావా, నీ ముక్కుకి కూడా తెలిసింది. ఏ కష్టం లేని మొక్క ఎప్పుడో రాబోయే కష్టానికి ముందే దాచుకుంటోంది. ఇది ఎవరూ చూడలేదమ్మా.”

“ఏమీ జరక్కముందే భయపడుతోందా?”

“అవును. నీలాగే.”

“అయితే దానికి బుద్ధుంది.”

“వచ్చే నెలతో అయిపోవాల్సిన నా ఉద్యోగాన్ని దీన్ని చూసే పొడిగిస్తామన్నారు. సారు బయటివాళ్ళని కూడా పిలిచారు, ఇంతవరకూ ఎవరూ చెప్పని మాట చెప్తానని. అది పోతే నా మొహం చూడరు.”

“ఉద్యోగం ఉద్యోగమే, ప్రాణం ప్రాణమే. ఏవండీ, ఓసారి ఇలా రండి. మెల్లిగా రండి, తొందరపడకండి.”

తండ్రి గోడ పట్టుకుంటూ వంటింటి గుమ్మందాకా వచ్చాడు.

“ఏమైంది? అబ్బ, ఆ డబ్బా బయటికెందుకు తీశారు? ఇల్లంతా అదే కంపు.”

“నిజం చెప్పండి. కళ్ళు తిరుగుతున్నాయా? గుండె దడగా ఉందా?”

“నాకేం, బానే ఉన్నాను.”

“నాన్నా, అమ్మకి చెప్పు. ఆ మందు తాగాక నొప్పి తగ్గిందా లేదా?”

“తగ్గిందన్నానుగా.”

“అన్నారా, తగ్గిందా?”

“నువ్వు పోలీసులా అడిగితే ఎలా? మొదట్లో తగ్గలేదంటే ఒక చెంచాని రెండు చేస్తానంది. అందుకని తగ్గిందన్నాను.”

“నాన్నా.”

“కోప్పడకమ్మా. మొదటి రోజు ఒక్క గుక్క మింగాను. ఆ రోజంతా తేన్పుల్లో చేపల బజారే. నువ్వేమో గ్లాసు చేతికిచ్చి అంత ఆశగా చూసి వెళ్తావు. వద్దని ఎలా అనను?”

“తాగలేదా? అమ్మయ్య, బతికించారు. ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశారు.”

“నువ్వుండమ్మా. నాన్నా, గ్లాసు రోజూ ఖాళీగానే ఉండేది. సింకులో పోశావు కదూ? సింకులోనే కదా?”

“సింకులో పోస్తే మీ అమ్మ ముక్కు ఊరుకుంటుందా? బాల్కనీలోకి తీసుకెళ్ళేవాణ్ణి.”

“బాల్కనీలో ఎక్కడ?”

“నీ మొలకలకే. చూసే పోశాన్లే, భయపడకు. ఆ నీలం ట్రేవీ, ఎర్ర ట్రేవీ పాపం అప్పటికే చావుబతుకుల్లో ఉన్నాయి. ఆకుపచ్చ ట్రేవి అయితే తట్టుకుంటాయని, రోజూ దాంట్లోనే పోశాను.”