తెల్ల దారం పెన్‌డ్రైవు

లోపలికి రమ్మంటే రాడే సుధా. నువ్వు పిలవక్కర్లేదు, నేను పిలిచి చూశాను. నెత్తి మీద హెల్మెట్టు కూడా తియ్యకుండా ఆ ఎండలో స్కూటరు మీద కూర్చున్నాడు మీ మావయ్య. నీ చేతి చేపల పులుసు ఈ గదిలో ఎన్నిసార్లు తిన్నాడో ఆయనకే లెక్క లేదు. ఇవాళ నీ గడప ఎత్తయిపోయింది కాబోలు. మాడనీ. మీ భుయ్యాడీహ్ బస్తీ ఎండ మనిషికి బుద్ధి చెప్పదు గానీ బుర్ర వేడెక్కిత్తాది.

నేను వచ్చింది ఆ నీలం పెన్‌డ్రైవు కోసం. మొన్న శనివారం ఇచ్చాను చూడు, తెల్ల దారం కట్టింది. టీవీకి పెట్టి చూశావా? చూడవులే. మీ ఆయన చినబాబు పోయిన రోజు కప్పిన గుడ్డ ఇంకా టీవీ మీదే ఉన్నాది. నలభై రోజులు దాటిపోయాయి.

అదిగో, ఆ స్టీలు గ్లాసులో ఉన్నాది. తియ్యకు. అప్పుడే ఇవ్వకు. ముందు మంచినీళ్ళు ఇవ్వు, గుమ్మంలో నిలబడి తాగుతాను. ఆయనకి కనబడాలి.

గట్టిగా మాట్లాడతన్నానని చూడకు. నా గొంతు ఆగితేనే ఆయనకి అనుమానం. ఇరవయ్యారేళ్ళలో ఒక ఇంటికి వెళ్ళి మూడు నిమిషాల్లో బయటికొచ్చిన జగదాంబని ఆయన ఎప్పుడైనా చూశాడేటి? నేను వాగుతున్నంతసేపూ ఆయన నిమ్మళంగా ఉంటాడు. కూర్చో. వాగనీ.

ఈ పాపమంతా ఆ కేబులువాడిది. తెలుగు ఛానెళ్ళు ఎవరూ చూడట్లేదని తీసీసేడు. ఫోను చేసి అడిగితే, "హిందీ మే దేఖ్ లో మౌసీ, రోనా తో ఏక్ హీ హై" అన్నాడు. హిందీలో చూసుకోవాలట, ఏడుపు ఒకటేనట. వాడికేటి తెలుసు, మన ఏడుపు మనది.

అప్పుడే కదా మీ ఆయన కద్మాలో మా ఇంటి డాబా ఎక్కి డిష్ బిగించాడు. నిచ్చెన నేనే పట్టుకున్నాను. "అత్తా, గట్టిగా పట్టుకో, నేను పడితే నీ సీరియలు పోద్ది" అన్నాడు. ఆ నిచ్చెన మాటకి తరవాత వస్తాను.

అలగ తెలుగు ఒక్క మా ఇంట్లోనే వచ్చేది. చూడాలన్నోళ్ళు ఎనిమిది ఇళ్ళోళ్ళు. ఏడున్నరయ్యేసరికి ఒక్కరికీ తీరదు. హిమబిందుకి ట్యూషన్లు, నీకు హాస్టల్లో వంట, మిగిలినోళ్ళకి మొగుళ్ళ డ్యూటీలు. ఫోనులో చూసుకోవచ్చు కదా అంటారు పిల్లలు. ఆ అరచేతిలో అత్తా కోడళ్ళిద్దరూ ఒకేసారి ఏడిస్తే ఏది ఎవరో ఎలగ తెలుత్తాది?

అందుకని రికార్డు చేద్దామనుకున్నాను. మీ మావయ్య డ్యూటీ చేసే షెడ్డులో మూల పడీసిన కంప్యూటరు ఇంటికి తెప్పించాను. సాక్చీలో రాజ్‌కిరణ్ దుకాణంలో అగ్గిపెట్టంత డబ్బీ ఒకటి కొన్నాను. డిష్ పెట్టె వెనకాల మూడు వైర్లు. పసుపుది బొమ్మకి, ఎరుపూ తెలుపూ మాటకి. మూడూ డబ్బీలో గుచ్చాలి, డబ్బీని కంప్యూటరుకి గుచ్చాలి. ఎన్ని గంటలకి మొదలెట్టాలో ఒకసారి చెప్తే చాలు, రోజూ దానంతట అదే లేచి పని చూసుకుని పడుకుంటాది. మీ మావయ్యని లేపాలంటే మూడు కేకలు పెట్టాలి.

కంప్యూటరు పాడవుతాదని ఆయన నవ్వాడు. రాజ్‌కిరణ్ కూడా నవ్వాడు, "ఆంటీ, బేటే కో భేజ్ దీజియే" అన్నాడు. కొడుకుని పంపాలట. నాకు కొడుకు లేడు బాబూ, నువ్వే ఫోనులో చెప్పు అన్నాను. రెండు రోజులు చెప్పాడు. మూడో రోజునుంచి నా ఫోను ఎత్తలేదు. అప్పటికి నాకు వచ్చీసింది.

ఒక్కటి తప్పు కొట్టాను. మాట ఎక్కడ్నుంచి తీసుకోమంటావని కంప్యూటరు అడిగింది. రెండు పేర్లు చూపించింది. మొదటిది నొక్కాను. అది మైకుట. కంప్యూటరు నెత్తిన ఓ కెమేరా తగిలించి ఉన్నాది కదా, దాన్లోది. రికార్డయినంతసేపూ నేను టీవీ ఆపీసేదాన్ని. ఇంకేటుంది, బొమ్మలో కోడలు పెదాలు ఆడిత్తంటాది, వినబడేది మా కుక్కరు. అత్త కళ్ళెర్ర చేత్తాది, వినబడేది నేను.

వారం రోజుల సీరియలు పెన్‌డ్రైవుల్లో ఎక్కి ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళిపోయింది. వారం రోజుల నా నోరూ వెళ్ళిపోయింది.

హిమబిందు ఇడ్లీతో గోడకి మేకు కొట్టొచ్చని నేనన్నది హిమబిందు తన ఇంట్లో కూర్చుని వింది. షెడ్డు మేనేజరు హరిప్రసాదు పెళ్ళాం కుసుమ చీరలు మడతపెట్టి కొట్టుకి వాపసిచ్చీత్తాదన్నది కుసుమ వింది. రెండు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. మూడో రోజు అందరూ వచ్చారు, కోడలు కాయితం మీద సంతకం పెట్టిందా లేదా తెలియాలి కదా. అప్పుడు నేను రెండో పేరు నొక్కీసి, ఆ కెమేరా పీకి బీరువా మీద పడీసేను. ఆ తరవాత ఒక్క రోజు కూడా తప్పు రాలేదు. ఇది గుర్తెట్టుకో. ఒక్క రోజు కూడా.

హారను కొట్టాడు. ఉండు.

వత్తన్నానండీ! పిల్ల పప్పుల పొడి చేత్తంది, పట్టుకుని వత్తాను!

చూశావా, ఇప్పుడు చెయ్యాలి మరి. మిక్సీ తియ్యి. గుప్పెడు శనగపప్పు వెయ్యి, ఖాళీది తిప్పితే మాడిపోద్ది. తిప్పు. కాసేపు తిప్పి, కాసేపు ఆపు. ఆపినప్పుడు నేను సీరియలు గురించి మాట్లాడతాను. తిప్పినప్పుడు నా మొహం చూసి విను.

రేపు పదకొండింటికి లేబరు ఆఫీసులో మీ ఆయన చావు మీద విచారణ. అది నీకు తెలుసు. అక్కడ ఏటి చెప్తారో తెలుసా? సేఫ్టీ బెల్టు ఇచ్చాం, కట్టుకోలేదు, తాగి షెడ్డు కప్పు ఎక్కాడు, జారాడు. తప్పంతా చచ్చిపోయినోడిది. మీ మావయ్య సాక్షి. సూపర్వైజరు కదా.

మొన్న గురువారం సాయంత్రం హరిప్రసాదు మా ఇంటికొచ్చాడు. షెడ్డు మేనేజరు మా ఇంటికి రావడం పదేళ్ళలో అదే మొదలు. కంప్యూటరు పక్కనే కుర్చీ వేశాను. బజ్జీలు వేశాను. ఏడున్నర అవుతోంది.

"బెల్టుల బిల్లు మంగళవారందే ఉంది కూర్మారావ్, మనిషి పడింది సోమవారం" అన్నాడు.

మీ మావయ్య బజ్జీ నముల్తా, "రిజిస్టరులో శనివారమే తీసుకున్నట్టు రాసీగలను. వాడి సంతకం నాకొచ్చు. చివర 'బు' కింద గీత లాగుతాడు" అన్నాడు.

మిక్సీ ఆపకు. తిప్పు.

ఆ సంతకం చినబాబుకి నేర్పింది ఎవరు? ఊర్నుంచి తీసుకొచ్చిన కొత్తలో, వేలిముద్ర వేత్తే షెడ్డులో నవ్వుతార్రా అని, మా వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో రాసి రాసి నేర్పాడు. నేను ఆ గచ్చు ఎన్నిసార్లు తుడిచానో.

ఇప్పుడు ఆపు.

...అదే మరి, ఆ కోడలికి నోరు లేదు సుధా. నోరుంటే రెండో రోజే కథ అయిపోను. మళ్ళీ తిప్పు.

ఆ నీలం దాంట్లో ఉన్నాది అదే. బొమ్మంతా సీరియలు, మాటంతా ఆళ్ళిద్దరిదీ. శుక్రవారం విన్నాను. శనివారం నీకొక్కదానికే ఇచ్చాను. నువ్వు చూడలేదు. మనిషి పోయిన ఇంటికి సీరియలు పంపిందేటీ ఈ మనిషి అని హిమబిందు నవ్వుకుంది. ఊరుకోవచ్చు కదా, ఆదివారం మీ మావయ్యకి కూడా చెప్పి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తన గొంతు తను విన్నాడు.

అరవలేదే. చెయ్యెత్తినా బాగున్ను. లేచి చేతులు కడుక్కున్నాడు. కంప్యూటర్లోది చెరిపీసేడు. నిన్న ఆ పెట్టె మొత్తం గోనెసంచిలో కట్టి ఎక్కడికో తీసుకుపోయాడు. ఇంక మిగిలింది నీ గ్లాసులోదే. ఆదివారంనుంచి నన్ను మీరు అంటన్నాడు. ఇరవయ్యారేళ్ళు ఏటే, ఓలే అన్న మనిషి. "మీకు ఆ వైర్లు ఎప్పటికీ అర్థం కావండి" అన్నాడు. "మీరే వెళ్ళి పట్టుకురండి, నేను బయట ఉంటాను" అన్నాడు. అన్నం పెడితే "మీరు తిన్నారా" అని అడిగాడు. నా కంచం తీసి పక్కన పెట్టీసేను.

ముసల్ది మళ్ళీ తప్పు వైరు పెట్టిందనుకుంటన్నాడు. అనుకోనీ. బీరువా మీద కెమేరా దానంతట అది దిగి రాలేదు సుధా. కుర్చీ వేసుకుని నేనే దింపాను. నేనే గుచ్చాను. మొదటి పేరు నేనే నొక్కాను. హరిప్రసాదుకి కారం తగ్గించి బజ్జీలు వేశాను, దగ్గుతా ఉంటే మాట సరిగ్గా పడదని.

నాకు దండం పెట్టకు. చెయ్యి దించు. పూర్తిగా విను, తరవాత పెట్టాలో లేదో నీకే తెలుత్తాది.

తాగి ఎక్కాడన్న మాట ఎక్కడ పుట్టింది? మీ ఆయన ఏనాడైనా తాగాడా? మరి హరిప్రసాదుకి ఆ ఊహ ఎవరిచ్చారు?

ఆ మొదటి వారం. డిష్ బిగించిన రోజు సంగతే. హిమబిందుతో ఫోనులో అంటన్నాను, "ఆవేళ చినబాబు పొద్దున్నే ఏసుకొచ్చినట్టున్నాడే, నిచ్చెన మీద ఊగిపోయాడు, డిష్ బెంగాలు వైపు తిప్పీసేడు, మా టీవీలో అందరూ చేపలే తింటన్నారు" అని. నవ్వడానికన్నాను. రెండు డ్యూటీలు వరసగా చేసి, ఖాళీ కడుపుతో వచ్చి ఎక్కాడు ఆ పిల్లాడు. అది నాకు తెలుసు. దిగాక అన్నం పెట్టింది నేనే. కళ్ళు తిరిగాయత్తా అన్నాడు. అందులో నవ్వేటుంది? అందుకని మార్చి చెప్పాను.

అదీ రికార్డయింది. ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళింది. నువ్వూ విన్నావు. మా ఆయన మజ్జిగకే ఊగుతాడత్తా అని నువ్వూ నవ్వేవు. కుసుమ మాత్రం దాచుకుంది, తన చీరల మాట కూడా దాన్లోనే ఉన్నాది కదా, ఎప్పుడో నాకు తిరిగి వినిపిద్దామని. గురువారం హరిప్రసాదు ఆ మాటా అన్నాడు. "ఇంకో సాక్షి ఎందుకు కూర్మారావ్, మీ ఆవిడ గొంతే ఉంది మా ఇంట్లో" అని. రేపు అది వినిపిత్తారు. నీ కూతురు మనోజ్ఞ వింటాది. నాన్న తాగుబోతా అని బళ్ళో ఇప్పటికే ఎవరో అడిగారట కదా. ఆ మాట వాళ్ళది కాదు. నాది.

మిక్సీ వేడెక్కింది, ఆపు. ఆపమన్నానా.

...ఏటీ లేదండీ, అయిపోయింది! సీసా వెతుకుతోంది!

దగ్గరకి రా, తొందరగా విను. మీ ఆయన పదకొండో రోజుకి భజనలది ఒకటి ఇచ్చాను, పసుపు దారం కట్టింది. రెండూ ఒకేలాటివి, రాజ్‌కిరణ్ దగ్గరే కొన్నాను. దేవుడి గూట్లో ఉంటాది, తియ్యి. దారాలు విప్పు. తెల్లది భజనలదానికి కట్టు. ముడి సరిగ్గా పడట్లేదు, ఇలా ఇవ్వు. మీ మావయ్యకి తెల్ల దారం అని చెప్పాను, ఆయన తెల్ల దారమే చూత్తాడు. ఇంటికెళ్ళి టీవీకి పెట్టి చూడడేటి అంటావా? చూడడు. ఆ గొంతు రెండోసారి వినే ధైర్యం ఆయనకి లేదు. ఆ మాత్రం నాకు తెలుసు.

మేము సందు దాటాక తలుపేసుకో. అసలుది పట్టుకుని ఆటోలో టాటానగర్ వెళ్ళు. రైల్వే కోటర్సులో యూనియన్ ముసలయ్య గారు, మీ పెళ్ళికి వచ్చారు చూడు, ఆయన చేతికే ఇవ్వు. రేపు ఆయన్ని తీసుకునే ఆఫీసుకి వెళ్ళు. మనోజ్ఞని బడినుంచి అటే తీసుకుపో. ఇవాళ రాత్రి ఈ ఇంట్లో పడుకోకండి.

నాకేటవుతాదా?

అదే నేనూ అనుకుంటన్నాను. ఇక్కడ్నుంచి కద్మాకి నది దారి కాదు కదే. పొద్దున్న బయల్దేరేటప్పుడు, "వచ్చేటప్పుడు సువర్ణరేఖ ఒడ్డున కాసేపు ఆగుదామండి" అన్నాడు. ఈ పెన్‌డ్రైవు నీళ్ళలో పారెయ్యడానికే అయ్యుంటాది. ఇన్నేళ్ళలో నన్ను నది చూడ్డానికి తీసుకెళ్ళింది లేదు. రమ్మన్నాడు, వెళ్తాను. నాకు ఈత రాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఏటో, భయపడ్డం కొత్త కదా, ఎక్కువ ఊహించుకుంటన్నానేమో.

పప్పుల పొడి ఇవ్వు. బాగా మెత్తగా అయిపోయింది, ఇది పొడి కాదు, పౌడరు. హిమబిందుకి చెప్పాలి.

రేపు అక్కడ నా గొంతు వినిపించినప్పుడు నువ్వు తల దించుకోకు. లేచి చెప్పు, ఆ మాట అన్నది జగదాంబ, అది అబద్ధమని చెప్పమన్నదీ జగదాంబే అని. నేనే వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. వచ్చేలా ఉంటే వత్తాను. మొదటి బెంచీలోనే కూర్చుంటాను. కనబడకపోతే నా కోసం చూడకు, విచారణ ఆపకు.

కంప్యూటరు పోయింది. ఇవాళ ఏడున్నరకి రికార్డు చేసీవోళ్ళు లేరు. ఇన్నాళ్ళూ ఎవరింట్లో ఏటయిందో ఊరందరికీ నేనే చెప్పాను. రేపు నా ఇంట్లో ఏటయిందో ఎవరో చెప్పుకుంటారు, ఓ మాట ఎక్కువేసుకునే చెప్పుకుంటారు.

గుమ్మం దాకా రా. నవ్వు. ఇంకొంచెం. ఆయన చూత్తన్నాడు.