సగం ఫీజు

జాకెట్టు కుడుతున్న అక్క దగ్గరికి తమ్ముడు వచ్చి, చాలాసేపు దారపు ఉండలు సర్దాడు.

"ఏం కావాలో చెప్పరా."

"సైబర్ సెక్యూరిటీ కోర్సు ఫీజు, అక్కా."

"మొన్నేగా ఇచ్చాను, కొత్త మిషను కోసం దాచినదాంట్లోంచి తీసి."

"అది కట్టింది దొంగ సైటుకట."

"దొంగల్ని పట్టే చదువుకని వెళ్లి దొంగలకే ఫీజు కట్టొచ్చావా? సగం ఫీజుకే కోర్సు చెబుతామంటే అనుమానం రావద్దూ? నీకు ఉద్యోగం ఎవడిస్తాడు?"

"సర్టిఫికెట్ తెస్తే ఇస్తామన్నారు."

"ముందు ఆ లింకు పంపినవాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించు."

"నువ్వే పంపావక్కా. ఈరోజే ఆఖరు, త్వరగా కట్టు అని కూడా రాశావు."

మిషను ఆగింది.

"సరే, కొత్త మిషను సంగతి వచ్చే ఏడు చూద్దాం. ఫీజు కడతాను. పాఠాలు మాత్రం ఇక్కడే కూర్చుని, నాక్కూడా వినపడేలా పెట్టు."