గోల్ కాడి అలక

మల్ల గోడ దిక్కే తిరిగినవ్! నిన్న పగటీలి తిరిగినోనివి, ఇంక గదే గోడనా అల్లుడా? గా గోడల ఏం కనవడ్తాంది నీకు? కిరాయి ఇంటి గోడ, పెచ్చులూడుతాంది, ముక్కుల వడ్తది. జర ఇటు తిరుగు.

గిదో, మీ అత్త మటన్ పంపింది. మెత్తటి ముక్కలు ఏరి ఏరి ఏసింది. టిఫిన్ మూత తీసి పెట్టిన, వాసన వస్తలేదా? వస్తాంది. నీ ముక్కు కదిలింది, నేను చూసిన.

పెండ్లిల అలిగినవ్, సరే, అది రివాజు, వాచీ పెట్టినం. ఫుట్‌బాల్ గ్రౌండ్ల అలిగిన అల్లుడు ఏడన్న ఉన్నడా? మన మీద ఆడే ఆత్మకూర్ పోరగాండ్లు చూస్తుండంగ గ్లోవ్స్ నేలకేసి కొడితివి. ‘ప్రణీతా, పా పోదాం’ అని నా బిడ్డను రెక్క పట్టుకొని తీస్కపోతివి. దానికి ఓ దిక్కు మొగడు, ఓ దిక్కు తండ్రి, చేతిల బఠానీల పొట్లం. పాపం, బఠానీలు తినుకుంటనే ఏడ్సింది.

నేనేమన్న తిట్టిననా? ‘ఇవతలికి రా’ అన్న, గంతే. సగం ఆట గాకముందే రెండు గోల్స్ పడ్డయ్. మేనేజరన్నోడు ఏమనాలె మరి? ‘అల్లుడుగారూ, ఎండ ఎక్వుంది, జర నీడకు రాండ్రి, సల్లటి నీళ్లు తాగుండ్రి’ అనాల్నా?

గట్లనే అనాలెనంట. ఇంటికాడ మీ అత్త చెప్తాంది.

నా సంగతి నీకేం తెల్సు! తెలంగాణ వచ్చిన యేడు క్లబ్బు పెట్టినం. ఊరంత క్రికెట్ ఆడవట్టె, పదకొండు మందిని దొరకబట్టేసరికి నా తలపానం తోకకొచ్చింది. పెండ్లి భోజనానికని చెప్పి ఒగన్ని నేరుగ గ్రౌండుకే తోల్కొచ్చిన. గప్పటిసంది గోల్ కాడ నేనే, కెప్టెన్ నేనే. కొత్తకోటల ‘కాటమయ్య ఇల్లేది’ అంటే ఎవడు చెప్పడు. ‘కెప్టెన్ ఇల్లేది’ అంటే ఇంటిదాంక వచ్చి దిగవెట్టి పోతరు.

నీ సంబంధం చూడ ఆలేరు వచ్చిన నాడు యాదికున్నదా? మావోళ్లందరు కొలువేంది, జాగెంత అని అడగవట్టిరి. నేనేమన్న? ‘పిలగా, చేతులు సాపు’ అన్న. చేతి గీతలు చూస్తడని మీ నాయిన మురిసిండు. గీతలేంది! గంత పెద్ద అరచేతులు మా దిక్కు నేను చూడలే. గాడనే ఖాయం జేసిన. బిడ్డ పెండ్లి, క్లబ్బు పని, రెండు ఒక్కపారే అయితయనుకున్న.

అయింది నా పనే!

పెండ్లయి నెల గాలే, మన క్లబ్బు ప్రెసిడెంటు దశరథం శాలువా తెచ్చి కప్పిండు. నేను నవ్వుకుంట ఫోటో దిగిన. అందరు చప్పట్లు కొడితె నేను గూడ కొట్టిన. అటెనుక మైకుల అంటడు గదా, ‘కాటమయ్య సార్ ఇగ మన మేనేజర్! గోల్ కాడ ఆయన అల్లుడు నవీన్‌కుమార్!’ అని. శాలువా కప్పినంక ఏం కొట్లాడ్తం? చేతులు గూడ లోపలనే ఉండె.

మేనేజర్‌గిరి అంటే ఏమనుకున్నవ్? సున్నం గీత ఇవతల నిలవడాలె. నిమ్మకాయలు కోయాలె. బాల్ మన దిక్కు వస్తే కాలు దానంతట అదే లేస్తది, గుంజి పట్టుకోవాలె. ఓ దినం పట్టుకోలేక, జెండా పట్టుకున్నోని పిక్క మీద తన్నిన.

ఇటు తిరిగినవా? ఆఁ... తిరగలే, గోక్కున్నవ్.

సరే, ఏం కావాలె చెప్పు. కొత్త బూట్లా? వద్దా? ఉంగరమా? అది గూడ వద్దా? రేపు ఫైనల్ ఉన్నది బిడ్డా! నువ్వు తినందాంక నాకు గూడ బువ్వ పెట్టదంట మీ అత్త. నిన్న రాత్రిసంది ఛాయ్ మీదనే ఉన్న.

ఏంది? దుప్పట్లకెల్లి ఇనవస్తలేదు. జర గట్టిగ అను.

మేనేజర్‌గిరా? నా మేనేజర్‌గిరి నీకు గావాల్నా! అబ్బో! కెప్టెన్‌గిరి వాయె, గోల్ వాయె, ఇగ గా నిమ్మకాయలు గూడ నీకేనా? మరి నేనేడికి పోవాలె?

ఆగు. నువ్వు గీత ఇవతలికొస్తే... గోల్ కాడ ఎవలు?

నవ్వుతలేను. దగ్గొచ్చింది.

సరే, ఇగ దాస్తే ఏమొస్తది. నిన్న నిన్ను పిలిచింది గోల్స్ పడ్డందుకు గాదు. మొదటిది ఎవడాపినా ఆగది. రెండోది మన నరేష్‌గాని మోకాలికి తాకి మళ్లింది, నీ తప్పేం లేదు. నేనే గోల్ కాడ నిలవడాలెనని పిలిచిన. అంగి గుండీలు ఇప్పంగనే లోపల నా పాత జెర్సీ ఉండె, చూసినవ్ గదా? శాలువా కప్పిన కాడికెల్లి ప్రతి ఆటకు లోపల తొడుక్కొనే వస్తున్న. ఎండకాలం గూడ. నువ్వు పోయినంక మనోళ్లు మూడు గోల్స్ కొట్టిరి, ఆఖరుకు ఆత్మకూరోళ్లు కొట్టిన బాల్ నా పొట్టకు తాకి గాడనే ఆగిపాయె, మనం గెలిస్తిమి. నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. దెబ్బకు గాదు బిడ్డా. మల్ల గా జాగల నిలవడ్డ గదా, గందుకు.

తీస్కో, నీదే మేనేజర్‌గిరి. గ్లోవ్స్ నేను ఇడిచిపెట్టలే, సంచిల్నే ఉన్నయ్.

గని ఒక్క మాట. రేపు నాకు రెండు గోల్స్ పడ్డయనుకో, ‘మామా, ఇవతలికి రా’ అంటవా?

అంటవ్. నీ భుజాలు ఊగుతున్నయ్, నవ్వుతున్నవ్. అంటవ్!

గప్పుడు నేను అలిగి ఏ గోడ దిక్కు తిరిగితె ఎవలొస్తరు? నేను అల్లున్ని గాను గదా. నాకు మటన్ పంపేటోళ్లెవలున్నరు?

గందుకే ఇప్పుడే తింట. జరుగు, ఆ మూలకున్న మటన్ బొక్క నాది.