చల్లనీళ్ళ పరీక్ష

కొండాపూర్, 1999. ఆదివారం ఉదయం, అద్దె ఇంటి డాబా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉదయ్ భాస్కర్, కింది వాటాలో ఉండే సాయిలు. సాయిలు జీడిమెట్లలో బాయిలర్ ఆపరేటరు.

“అగ్గిపెట్టె ఇటియ్యుండ్రి సార్. ముందుగాల అగ్గిపెట్టె.”

“బొమ్మ ఇంజనేనండీ. ఈ బాయిలర్లో గ్లాసుడు నీళ్ళు కూడా పట్టవు.”

“గ్లాసుడైనా ఆవిరి ఆవిరే. ఏంతోని అతికించిండ్రు?”

“వెండి టంకమండీ. కంసాలి పక్కన కూర్చుని వేయించాను. సీసమైతే కరుగుతుందని పుస్తకంలో ఉంది.”

“గది మంచిగ చేసిండ్రు. గీ సేఫ్టీ వాల్వు గింత గట్టిగ ఎవరు బిగించిండ్రు?”

“అదీ... కాస్త వదులుగా కనిపిస్తేనూ...”

“ఎవరు సార్?”

“మెకానికల్లో ఫస్టు క్లాసు వచ్చినవాడు. నేనే.”

“ఆవిరి ఎక్కువైతే బయటికి పొయ్యే తొవ్వ అదొక్కటే. అది మూస్తే ఎట్ల?”

“ఇప్పుడే సరిచేస్తాను. సాయంత్రం నాన్నగారు దిగేసరికి ఇది తిరగాలండీ. ఆఫీసులో ఏం చేస్తావురా అని అడుగుతూనే ఉంటారు. కంప్యూటర్లో తేదీలు సరిచూస్తానంటే, క్యాలెండరు లేదా అంటారు. నా చేత్తో చేసింది ఒక్కటైనా చూపించాలి.”

“చూపియ్యుండ్రి. ముట్టియ్యకుండ్రి. ప్రెషర్ టెస్టు చేసిండ్రా?”

“సైకిల్ పంపుతో గాలి కొట్టి...”

“గాలి వద్దు, జర ఆగుండ్రి. గాలితోని పగిల్తే బాంబే. నిండ చల్లనీళ్ళు పోసి, చేతిపంపుతోని ఒత్తాలె, నడిపే ప్రెషర్‌కు రెండింతలు. పగిలినా నీళ్ళు కారుతయ్, గంతే.”

“ఈ తేడా నేను పరీక్షలో రాశానండీ.”

“మార్కులు?”

“పదికి పది. పోనీ, మీ ఫ్యాక్టరీ పంపు...”

“స్టోర్ల పెట్టి తాళమేసిండ్రు. రేపు తెస్త. ఇయ్యాల కాదు.”

“అంటే నాన్నగారి ముందు చల్లటి బాయిలర్ పెట్టుకుని కూర్చోవాలన్నమాట.”

“ఆయనేం పని చేస్తడు?”

“మిల్లులో అండి.”

“మిల్లుల ఏం పని?”

“బాయిలర్ దగ్గర. ముప్పై ఏళ్ళు.”

“ఏంది సార్, గసొంటి మనిషిని ఇంట్ల పెట్టుకొని నన్నడుగుతుండ్రా? ఆయనకు చెప్పలే?”

“పోయిన వారం ఫోన్లో చెప్పాను. నీళ్ళతో పరీక్ష చేశావా అన్నారు. ఇంజనీరుని నేను, నాకు చెప్తారా అన్నాను.”

“ఏమన్నడు?”

“ఆదివారం వస్తున్నా, వస్తూ చేతిపంపొకటి తెస్తా అన్నారు. మాకిక్కడ కుళాయి ఉంది నాన్నగారూ, పంపెందుకని నవ్వాను.”